ఇజ్రాయెల్‌లో పెద్దవాళ్ల సంరక్షణ: ఇంట్లోనే ఉండే కేర్‌గివరా, గంటల లెక్కన వచ్చే మనిషా, డే సెంటరా?

నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచి వెళ్లి ఇజ్రాయెల్‌లో కేర్‌గివర్లుగా పనిచేస్తున్నవాళ్లు చాలామంది. 2023లో భారత్‌తో కుదిరిన ఒప్పందంలో 42,000 ఉద్యోగాలుంటే, అందులో 8,000 ఈ సంరక్షణ పనికే. అక్కడి యూదు కుటుంబం ఇంట్లో పెద్దవాళ్ల కోసం ఏ ఏర్పాటు ఎందుకు ఎంచుకుంటుందో పనికి వెళ్లేవాళ్లకు ముందే తెలిస్తే, తర్వాత గొడవలు సగం తగ్గుతాయి.

ముందు డబ్బు సంగతి. బితువాహ్ లెయుమీ, అంటే అక్కడి జాతీయ బీమా సంస్థ, 1988 నుంచి వృద్ధులకు సంరక్షణ భత్యం ఇస్తోంది. పదవీ విరమణ వయసు దాటాలి, ఆస్పత్రిలోనో వృద్ధాశ్రమంలోనో కాకుండా ఇంట్లో ఉండాలి, స్నానం, బట్టలు, తిండి, నడక, మలమూత్రాల దగ్గర ఇంకొకరి సాయం కావాలి. ఆదాయం కూడా చూస్తారు. 2018 నుంచి, ఎంత సాయం కావాలన్నదాన్ని బట్టి స్థాయిలు ఆరు: మొదటి స్థాయికి వారానికి 5.5 గంటల సాయం, ఆరో స్థాయికి 30. విదేశీ కేర్‌గివర్‌ను పెట్టుకుంటే పై స్థాయిల్లో గంటలు కొంత తగ్గుతాయి.

వారంలో ఉన్నవి 168 గంటలు. ముప్పై వచ్చినా మిగతా 138 కుటుంబం మీదే. అందుకే ఎన్ని గంటలొచ్చాయన్నది కాదు, రాత్రి ఎలా గడుస్తోందన్నది చూసి తేల్చుకోవాలని మా అభిప్రాయం.

స్థాయి నిర్ణయించడానికి ఇంటికి మనిషి వస్తారు. ఆ రోజు పెద్దాయన శుభ్రంగా తయారై కూర్చుని "అన్నీ నేనే చేసుకుంటాను" అంటారు. పరువు కదా. దాంతో స్థాయి తగ్గిపోతుంది. కొడుకో కూతురో పక్కనే ఉండి, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు, ఎప్పుడు పడ్డారు, స్టవ్ ఆపడం మర్చిపోతున్నారా అన్నవి తేదీలతో రాసి చూపించాలి.

రాత్రి నిద్ర పట్టి, బాత్రూమ్‌కు తానే వెళ్లి రాగలిగితే డే సెంటర్ మేలు. పొద్దున్నే వ్యాన్ వచ్చి తీసుకెళ్తుంది. అక్కడ వేడి భోజనం, వ్యాయామం, అవసరమైతే స్నానం కూడా. వెళ్లిన రోజుకు భత్యంలోంచి కొన్ని గంటలు కోస్తారు. ఒంటరితనానికి ఇంతకన్నా మంచి మందు లేదు. మధ్యాహ్నం తిరిగొచ్చాక మాత్రం ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి.

గంటల లెక్కన వచ్చే స్థానిక మనిషి స్నానానికి, వంటకు, డాక్టర్ దగ్గరికి తోడుకు సరిపోతారు. చిక్కల్లా మనుషులు మారుతూ ఉండటమే. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లు కొత్త చేతులతో స్నానం చేయించుకోరు. మనిషిని పంపే కంపెనీతో మాట్లాడేటప్పుడు గంటల కన్నా ముందు, ఒకే మనిషిని పంపమని పట్టుబట్టండి.

రాత్రి పడిపోయే భయం ఉంటేనో, తలుపు తీసుకుని బయటికి వెళ్లిపోతుంటేనో ఇంట్లోనే ఉండే కేర్‌గివర్ తప్ప దారి లేదు. ఖర్చు పెద్దది. 2025 ఏప్రిల్‌లో కనీస వేతనం నెలకు 6,247.67 షెకెళ్లు (అక్కడి డబ్బు) అయింది. దానిపైన పెన్షన్, ఆరోగ్య బీమా, జాతీయ బీమా చెల్లింపులు. ఇక ఎక్కువ కుటుంబాలు తప్పులో కాలేసేది ఇక్కడే: ఒక మనిషి ఉన్నారు కాబట్టి 24 గంటలూ గడిచిపోతాయనుకుంటారు. మంచం పట్టిన మనిషిని పుండ్లు పడకుండా రెండేసి గంటలకోసారి ఒత్తిగిలించాలంటే, రాత్రంతా లేస్తూ మళ్లీ పగలు పనిచేయడం ఎవరి వల్లా కాదు. ఒత్తిడి తగ్గించే గాలి పరుపు తెప్పించాలి, ఎన్ని గంటలకోసారి తిప్పాలో నర్సును అడగాలి, పగలు కొన్ని గంటలైనా కేర్‌గివర్‌ను పడుకోనివ్వాలి.

వారానికో సెలవు కూడా ముందే తేల్చుకోవాలి. మన క్రైస్తవ అమ్మాయిలు చర్చి కోసం ఆదివారం అడుగుతారు, అది వాళ్ల హక్కు. కానీ అక్కడ పని వారం ఆదివారమే మొదలు, పిల్లలంతా ఆఫీసుల్లో ఉంటారు. శనివారమైతే పిల్లలు ఇంట్లో ఉంటారు గానీ షబ్బత్, అంటే యూదుల వారపు విశ్రాంతి దినం, వల్ల చాలా ఊళ్లలో శుక్రవారం సాయంత్రం నుంచి బస్సులుండవు. అందుకే శుక్రవారం బస్సులు ఆగకముందే వెళ్లి శనివారం రాత్రి రావడం చాలా ఇళ్లలో కుదిరిన పద్ధతి. ఆదివారమే కావాలంటే, ఆ రోజు ఎవరు చూసుకుంటారో పేరు రాసి ఒప్పందంలో పెట్టించుకోండి.

వంటగది విషయం చిన్నది కాదు. కోషర్, అంటే యూదుల ఆహార నియమాలు, పాటించే ఇంట్లో మాంసం గిన్నెలు వేరు, పాల గిన్నెలు వేరు. కోడికూర వండిన గిన్నెలో పెరుగు కలిపితే ఆ గిన్నె వాళ్లకు పనికిరాకుండా పోతుంది. కేర్‌గివర్‌కు ఒక కరెంటు పొయ్యి, రెండు గిన్నెలు, ఒక అర విడిగా ఇస్తే ఏ పేచీ ఉండదు. షబ్బత్ నాడు లైట్లు, ఫోన్ ముట్టని ఇళ్లున్నాయి. అయితే ప్రాణం మీదికొస్తే ఆ నియమాలన్నీ పక్కకు పోతాయని యూదు ధర్మమే చెబుతుంది. ఊపిరి ఆడకపోయినా, పడి తల తగిలినా ఎవరినీ అడగకుండా 101కి ఫోన్ చేయాలి, అంబులెన్స్ వస్తుంది.

రెండో స్థాయి నుంచి పైవాళ్లు భత్యంలో మూడో వంతు దాకా నగదుగా తీసుకోవచ్చు. రోజుకు 12 గంటలు, వారానికి ఆరు రోజులు పనిచేసే కేర్‌గివర్ ఉంటే మొత్తం నగదుగా అడగొచ్చు. అప్పుడు జీతం పూర్తిగా కుటుంబమే చెల్లించాలి, పే స్లిప్ కూడా వాళ్లే ఇవ్వాలి. లెక్కలు చూసే మనిషి ఇంట్లో లేకపోతే నగదు జోలికి పోకుండా కంపెనీ ద్వారా నడిపించుకోవడమే కేర్‌గివర్‌కూ, కుటుంబానికీ మేలు.