యూరియా ముందా, తడి ముందా?

యాసంగి మక్క, అంటే రబీ మొక్కజొన్న, మోకాలెత్తుకు వచ్చిందంటే చాలు, జడ్చర్ల, కల్వకుర్తి వైపు నుంచి ఒకటే ప్రశ్న: యూరియా వేసి నీళ్లు పెట్టాలా, నీళ్లు పెట్టినంక వేయాలా?

బోరు కింద చల్కా (తేలికపాటి ఎర్ర ఇసుక) నేలైతే నా ఓటు మొదటిదానికే. యూరియా వేయాలి, అదే పూట తడి పెట్టాలి.

తడిపిన మర్నాడు ఆ తేమ మీద చల్లేవాళ్లే మన దగ్గర ఎక్కువ. గుళికలు చూస్తుండగానే కరిగిపోతాయి, పంటకు అందిందనుకుంటాం. కానీ కరిగిన యూరియా అమ్మోనియాగా మారుతుంది, ఆ మారడం నేల పైపొరలోనే జరిగితే గాలిలో కలిసిపోతుంది. తేమ, ఎండ, గాలి మూడూ తోడైతే ఇక అడగక్కర్లేదు, సంక్రాంతి దాటినంక మనకు మూడింటికీ కొదవ లేదు. మళ్లీ తడి వచ్చేదాకా అది పైనే పడి ఉండాలి మరి. గుళికలకు వేపనూనె పూత ఉంది కదా అంటారు. 2015 నుంచి ఇక్కడ తయారయ్యే యూరియాకంతా ఆ పూత తప్పనిసరే, కానీ దాని పని నత్రజని నైట్రేటుగా మారి కిందికి జారిపోవడాన్ని నెమ్మది చేయడం, పైకి ఎగిరిపోయేదాన్ని అది ఆపదు.

ముందు వేసి తడిపితే నీళ్లే దాన్ని వేర్ల దగ్గరికి దింపుతాయి. అయితే బోదెల మధ్య నీళ్లు పారే సాలు అడుగున పోయకండి, మొక్క పక్కన బోదె వాలులో వేయండి. అడుగున పోస్తే నీళ్లతో కొట్టుకుపోయి చివరి మొక్కలు ముదురు పచ్చగా ఏపుగా, మొదటివి పాలిపోయి కనిపిస్తాయి. కరెంటు రాగానే మోటరు దానంతటదే నడిచేలా ఆటో స్టార్టర్ పెట్టి రాత్రంతా పారించడమూ వద్దు. యూరియాగా ఉన్నంతసేపు మట్టి దాన్ని పెద్దగా పట్టుకోదు, నీళ్లు ఎంత లోతుకు పోతే అదీ అంత లోతుకు పోతుంది, చల్కాలో వేర్లు దాటిపోవడం ఎంతసేపు? తేలిక తడి చాలు.

నేల పదునులో, అంటే తగినంత తేమతో ఉన్నప్పుడు, మొక్క పక్కన గుంట తీసి వేసి మట్టి కప్పడం నిజానికి అన్నిటికంటే మంచిది. కూలీలు దొరకరు, అదొక్కటే చిక్కు. ఎకరం, రెండెకరాలు ఇంటి మనుషులతో చేసుకునేవాళ్లు కళ్లు మూసుకుని ఇదే చేయండి. సాళ్ల వెంట వేసి, మట్టిని పైపైన కదిపే గుంటుక తోలినా కొంత నయం.

హాలియా, మిర్యాలగూడ వరి రైతులు మాత్రం ఇది చదివి యూరియా చల్లగానే మడికి నీళ్లు పెట్టకండి, మీ లెక్క వేరు. మీరు నీళ్లు తీసి బురద పదునులో చల్లి, 36 నుంచి 48 గంటలు ఆగి పలుచగా పెట్టాలి. దమ్ము చేసిన బురదలోకి దిగిన యూరియా అమ్మోనియంగా మారి మట్టికి పట్టుకుంటుంది. నిలిచిన నీళ్లలో చల్లితేనే నష్టం. సాగర్ ఎడమ కాల్వకు వంతులవారీగా నీళ్లిచ్చే ఏడాది, మడి నెర్రెలు బాయకముందు, నీళ్లు వదిలేందుకు రెండు రోజుల ముందు చల్లితే సరిగ్గా కుదురుతుంది. ఈ వరి అలవాటునే మక్కకూ తెచ్చుకుంటున్నాం, తంటా అంతా అక్కడే.

డ్రిప్పు ఉన్నవాళ్లకు ఈ తగవే లేదు, నీళ్లతోనే కొద్దికొద్దిగా ఇచ్చి ఆఖర్లో కాసేపు ఒట్టి నీళ్లు వదలండి. నానో యూరియా ద్రవం, ఆకు మీద కొట్టేది, దాన్ని తడితో ముడిపెట్టే పని లేదు.

ఇక మబ్బు చూసి బస్తా విప్పేవాళ్లు. నేలలోకి దిగేంత వాన పడితే మీ అదృష్టం. నాలుగు చినుకులు రాలి నేల పైపైన తడిసి ఊరుకుందా, తెల్లారేదాకా చూడకుండా మోటరు ఆన్ చేయండి.