టచ్‌ప్యాడ్ స్క్రోల్ దిశ, మాగ్నిఫైయర్ జూమ్: ఒక ప్రూఫ్‌రీడర్ సమీక్ష

హిమాయత్‌నగర్‌లో ఒక చిన్న ప్రచురణ సంస్థకు ప్రూఫులు దిద్దుతాను. చూపు మందగించాక కాగితం వదిలి తెర మీదకు మారాను. కొన్నేళ్లుగా పొద్దున్నుంచి సాయంత్రం దాకా, తెర మీది అక్షరాలను పెద్దవి చేసి చూపే విండోస్ మాగ్నిఫైయర్‌తోనే నా పని. ముందు మెచ్చుకోవలసినవి చెబుతాను. విండోస్‌తో పాటే వస్తుంది, విడిగా డబ్బు కట్టనక్కరలేదు. విండోస్ మీటతో ప్లస్ నొక్కితే తెరుచుకుంటుంది, అదే మీటతో ఎస్కేప్ నొక్కితే మూసుకుంటుంది. 1600 శాతం వరకు పెంచుతుంది. నాకు 300 దాటనవసరం రాదు. ‘కథ’ను ‘కధ’ అని రాసే రచయితలు మన దగ్గర ఎందరో ఉన్నారు. ఆ థ కడుపులో చుక్క ఉందో లేదో 100 శాతం దగ్గర నాకు ఆనదు, 300 దగ్గర దాగలేదు.

ఇక ఫిర్యాదు. కంట్రోల్, ఆల్ట్ మీటలు కలిపి పట్టుకుని మౌస్ చక్రం తిప్పితే జూమ్ మారుతుంది. టచ్‌ప్యాడ్ మీద చక్రం బదులు రెండు వేళ్లు జరపాలి. ఇక్కడే తిరకాసు. నా ల్యాప్‌టాప్‌లో వేళ్లు పైకి జరిపితే అక్షరం చిన్నదవుతుంది, కిందికి లాగితే పెద్దదవుతుంది. పెంచాలనుకున్న ప్రతిసారీ చెయ్యి తనంతట తానే పైకి పోతుంది, తెర కుంచించుకుపోతుంది, చూస్తున్న పంక్తి చేజారుతుంది. అన్ని పంక్తులూ ఒకేలా కనిపించే పుటలో దాన్ని మళ్లీ వెతుక్కోవడం ఎంత చిరాకో ప్రూఫులు దిద్దినవారికే తెలుసు.

కారణం మాగ్నిఫైయర్‌లో లేదు. సెట్టింగ్స్‌లో టచ్‌ప్యాడ్ కింద, ‘స్క్రోల్ అండ్ జూమ్’ అనే చోట స్క్రోల్ దిశ ఉంటుంది. అక్కడ ‘డౌన్ మోషన్ స్క్రోల్స్ అప్’ ఎంచుకుని ఉంటే పుట వేళ్లతో పాటు కదులుతుంది, ఫోను మీద కదిలినట్టే. చదవడానికి అదే హాయి. కానీ లోపల జరిగేది ఒక గుర్తు తారుమారు కావడం మాత్రమే. మౌస్ చక్రం ముందుకు ఒక్క మెట్టు తిరిగితే విండోస్‌కు ప్లస్ 120 అనే సంఖ్య అందుతుంది, వెనక్కి తిరిగితే మైనస్ 120. టచ్‌ప్యాడ్ అదే లెక్కను చిన్న చిన్న ముక్కలుగా పంపుతుంది. దిశ మార్చితే ప్లస్ మైనస్ అవుతుంది, మైనస్ ప్లస్ అవుతుంది. మాగ్నిఫైయర్ చూసేది ఆ గుర్తునే: ప్లస్ వస్తే పెంచుతుంది, మైనస్ వస్తే తగ్గిస్తుంది. వేళ్లు ఎటు కదిలాయో దానికి తెలియదు. పుట కదిలేటప్పుడు ఈ తలకిందుల లెక్కకు అర్థముంది, కాగితాన్ని వేలితో లాగుతున్నట్టే ఉంటుంది. జూమ్‌లో లాగడానికి కాగితమేదీ? బ్రౌజర్‌లో కంట్రోల్ ఒక్కటే పట్టుకుని వేళ్లు జరిపినా ఇదే తంతు. రెండు వేళ్లను దగ్గరికి, దూరంగా జరిపే జూమ్‌కు మాత్రం ఈ గొడవ అంటదు, కాకపోతే అది తెరిచి ఉన్న పత్రం వరకే పనిచేస్తుంది, మొత్తం తెరను పెంచదు.

జూమ్ కోసం దిశ మార్చితే చదవడం తిరగబడుతుంది, చదవడం కోసం మార్చితే జూమ్. పైగా ఇంట్లో ఆ ల్యాప్‌టాప్ మా అమ్మాయి కూడా వాడుతుంది. “నాన్నా, మళ్లీ తిప్పేశావా? పేజీ ఎటో పోతోంది” అని వంటగది దాకా వినిపించేలా అరుస్తుంది. “లేదమ్మా, జూమ్ సరిచేసుకున్నాను” అంటే అది ఆమెకు సమాధానం కాదు. ఇద్దరిలో ఎవరి మాటా తప్పు కాదు, ఒక్క సెట్టింగ్ రెండు పనులకు కాపలా కాస్తోంది, అంతే.

మౌస్ వాడితే సగం బాధ తీరుతుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక మామూలు వైరు మౌస్ కొన్నాను. విండోస్‌లో మౌస్ దిశ, టచ్‌ప్యాడ్ దిశ వేర్వేరు కాబట్టి చక్రం ముందుకు తోస్తే అక్షరం పెరుగుతుంది, పుట మాత్రం టచ్‌ప్యాడ్ మీద వేళ్లతో కదులుతుంది. చక్రంలో మెట్టు వేలికి తగులుతుంది కూడా. టచ్‌ప్యాడ్ మీద ఆ మెట్టు లేక జూమ్ కావలసినదానికంటే దాటిపోతుంది. మ్యాక్‌లో ఈ దారి మూసేశారు: 2011లో లయన్ అనే మ్యాక్ వెర్షన్‌తో వచ్చిన ‘నేచురల్’ స్క్రోల్‌ను, అంటే పుట వేళ్లతో పాటు కదిలే పద్ధతిని, మౌస్‌కు తీసేస్తే ట్రాక్‌ప్యాడ్‌కూ పోతుంది.

మౌస్ పెట్టే చోటు లేనప్పుడు వేళ్లను జూమ్ జోలికే పోనివ్వను. విండోస్ మీటతో ప్లస్, మైనస్ చాలు, వాటికి దిశతో సంబంధం లేదు. మాగ్నిఫైయర్ సెట్టింగ్స్‌లో ఒక్క నొక్కుకు ఎంత పెరగాలో నిర్ణయించుకోవచ్చు. నేను 50 శాతం పెట్టుకున్నాను. 100 పెడితే ఒక్కసారిగా ముక్కు మీదకొస్తుంది, 5 పెడితే నొక్కి నొక్కి వేలు నొప్పి. కంట్రోల్, ఆల్ట్‌తో డి నొక్కితే పెద్ద అక్షరాలు తెర పై భాగంలో ఒక పట్టీలో నిలుస్తాయి, కింద పుట మొత్తం మామూలుగా ఉంటుంది. ప్రూఫులకు నాకు ఇదే ఎక్కువ నచ్చింది, పంక్తి చేజారడం బాగా తగ్గింది.

ఇంత చేసినా, జూమ్ దిశకు మాగ్నిఫైయర్‌లోనే విడిగా ఒక సెట్టింగ్ పెట్టకపోవడాన్ని నేను క్షమించను. చూపు తక్కువైనవారి కోసమే చేసిన పరికరం అది. కొత్త ల్యాప్‌టాప్ కొనేవారు దుకాణంలోనే మాగ్నిఫైయర్ తెరిచి, కంట్రోల్, ఆల్ట్ పట్టుకుని రెండు వేళ్లు జరిపి చూడండి. అమ్మేవాడు వింతగా చూస్తే చూడనివ్వండి.