శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా మోసిన స్టీలు సైకిల్: ఐదేళ్ల వాడకం తర్వాత

కన్యాకుమారిలో సైకిల్ దిగి రెండు నెలలైంది. ఎడమచేతి చిటికెన వేలికీ, ఉంగరపు వేలికీ పట్టిన తిమ్మిరి ఈ మధ్యే పూర్తిగా వదిలింది. వివరాలు మరిచిపోకముందే రాసేద్దామని కూర్చున్నా.

సైకిల్ కొని ఐదేళ్లు. స్టీలు ఫ్రేము, 26 అంగుళాల చక్రాలు, ముందు 3 వెనక 8 గేర్లు, రిమ్ము బ్రేకులు. బరువు 15 కిలోలు. ఇప్పటికి 19 వేల కిలోమీటర్లు తిరిగింది. అందులో 3,700 పైచిలుకు ఈ ఒక్క ప్రయాణంలోవే. అక్టోబరు రెండో వారంలో శ్రీనగర్‌లో బయల్దేరి, 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని 43 రోజుల్లో దిగాను. బనిహాల్ దగ్గర ఎనిమిదిన్నర కిలోమీటర్ల సొరంగం, చెనాని దగ్గర తొమ్మిది కిలోమీటర్ల సొరంగం ఉన్నాయి. రెండింట్లోకీ సైకిల్‌ని పోనివ్వలేదు, పికప్ బండిలో వేసుకుని దాటా. ఆ దూరం నా లెక్కలో కలుపుకోలేదు.

కొనేటప్పుడు అల్యూమినియం ఫ్రేము తీసుకోమన్నారు, తేలిగ్గా ఉంటుందని. ధర చూసి స్టీలు తీసుకున్నా. ఇవాళ రెండూ ఒకే ధరకిచ్చినా స్టీలే కొంటాను. ఎందుకో మధ్యప్రదేశ్‌లో తెలిసింది.

బర్మాన్ దగ్గర నర్మద వంతెన దాటి కొంచెం దూరం వచ్చానో లేదో, వెనక క్యారియరు కుడికాలు పుటుక్కుమంది. సైకిల్ మొత్తంలో అల్యూమినియంది అదొక్కటే. 14 కిలోల సామాను చక్రం మీదికి ఒరిగింది. పాత ట్యూబు కోసి కట్టు కట్టుకుని, ఎక్కుతూ దిగుతూ మర్నాటికి లఖ్‌నాదౌన్ చేరా. అక్కడ గేట్లు, కిటికీలు చేసే వెల్డింగు షాపు. పెద్దాయన విరిగిన ముక్కని గోటితో గీకి చూసి, ఇది తన దగ్గర అతకదన్నాడు. మూల నుంచి ఒక ఇనప చువ్వ లాగి, సైకిల్ పక్కన గొంతుక్కూర్చుని పని మొదలుపెట్టాడు. చువ్వని కొంచెం వంచడం, ఫ్రేముకి ఆనించి చూడ్డం, సుద్దముక్కతో గీత పెట్టడం, మళ్లీ వంచడం. టేపు ముట్టుకోలేదు. గంటన్నరలో నాలుగు కాళ్ల క్యారియరు తయారైంది. రంగు ఆరేదాకా టీ తెప్పించాడు. నాలుగొందలు తీసుకున్నాడు. ఆ క్యారియరు కన్యాకుమారి దాకా ఒక్క బోల్టు కూడా వదులు కాలేదు.

దూరం పోయే సైకిల్‌ని నేను చూసే పద్ధతి ఆ రోజుతో మారింది. చెడిపోదా అని కాదు, చెడిపోతే ఆ ఊళ్లో ఉన్న మనిషి బాగుచెయ్యగలడా అని చూడాలి. 26 అంగుళాల ట్యూబు అడిగిన ప్రతి చిన్న ఊళ్లోనూ దొరికింది. మోటార్ సైకిల్ ట్యూబుకుండే లాంటి వాల్వే కాబట్టి ఏ పంక్చరు షాపులోనైనా, పెట్రోలు బంకులోనైనా గాలి పట్టించుకోవచ్చు. రాంబన్ దిగేసరికి వెనక బ్రేకు ప్యాడ్లు అరిగి ఇనుము తేలింది. ఉధంపూర్‌లో పిల్లల సైకిళ్లు అమ్మే కొట్లో జత దొరికింది. చైను మాత్రం హైదరాబాద్‌లో ముందుజాగ్రత్తగా మార్చా.

టైర్ల గురించి ఒక మాట. పంక్చర్లు 11. వాటిలో మేకు గుచ్చుకున్నది ఒక్కటే. మిగతావన్నీ తీగలు. లారీ టైర్లు పేలినప్పుడు లోపలి ఉక్కు తీగలు తునకలై రోడ్డు అంచున పడుంటాయి, మనం పోయేదీ ఆ అంచునే. వెంట్రుకంత సన్నం, కంటికి ఆనవు. ట్యూబు మార్చి గాలి కొడితే అరగంటకి మళ్లీ దిగిపోతుంది. టైరు విప్పి, లోపల దూది ముక్క ఆడించుకుంటూ పోతే తీగ ఉన్నచోట పోగు చిక్కుకుంటుంది. అక్కడ గోళ్ల కత్తెరతో పట్టి లాగాలి. ఈ పద్ధతి నాకు గ్వాలియర్ దాటాకే తెలిసింది. అప్పటికే ఆరు ట్యూబులకు అతుకులేశా.

లోపాలూ ఉన్నాయి. తిన్నటి హ్యాండిల్ కాబట్టి చెయ్యి పెట్టడానికి ఒకే చోటు. వేళ్ల తిమ్మిరి దాని వల్లే. చివర్లలో కొమ్ముల్లాంటివి బిగించుకుని ఉండాల్సింది. సీటుకు వేసిన మెత్తటి జెల్ కవరు అంబాలా దాకా ఓర్చుకుని తీసేశా, ఒరుసుకుపోయి పుండ్లు పడ్డాయి. నీళ్లు దిగవని చెప్పి అమ్మిన బ్యాగులు తిరునల్వేలి వానకి బట్టలన్నీ తడిపేశాయి. పంజాబ్, హర్యానాల్లో గడ్డి తగలబెట్టిన పొగకి కళ్లు మండాయి గానీ, దానికి సైకిల్ ఏం చేస్తుంది.

అన్నిటికంటే కష్టమైన చోటు బనిహాల్ కాదు, గుత్తి. మా ఊరు. రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా దాటొచ్చాక రోడ్డు మా కోట కిందినుంచే పోతుంది. రాత్రి ఇంట్లో పడుకున్నా. పొద్దున ఉగ్గాని, బజ్జీ పెట్టి అమ్మ, “ఇంగ చాల్లేరా నాయనా, ఇంటికొచ్చినావు గదా” అంది. సమాధానం దొరకలేదు. పళ్లెం కడిగి పెట్టి, సామాను కట్టుకుని, వీధి మలుపు తిరిగేదాకా వెనక్కి చూడలేదు. అనంతపురం దాకా ఎలా తొక్కానో గుర్తు లేదు.

తోపూరు ఘాట్ దిగడం, ముప్పందల్ గాలిమరల మధ్య పక్కగాలికి ఒరిగి తొక్కడం, చివరికి రోడ్డు అయిపోయి సముద్రం కనబడ్డం... అవన్నీ మూడు రోజుల్లో అయిపోయినట్టుంది నాకిప్పుడు. చేరిన రోజు ఏడుపొస్తుందనుకున్నా, రాలేదు. రాత్రంతా పడుకున్నా కాళ్లు తొక్కుతూనే ఉన్నాయి.

ఇంటికొచ్చి సామాను దించి ఒట్టి సైకిల్ ఎక్కితే హ్యాండిల్ అటూ ఇటూ ఊగింది. బరువుకు అలవాటు పడ్డ చేతులు, కుదరడానికి వారం పట్టింది. ఇనప క్యారియరు అలాగే ఉంచా. ఒక కాలు దగ్గర లఖ్‌నాదౌన్‌లో వేసిన రంగు పెచ్చులూడింది. తుప్పెక్కక ముందే ఈ ఆదివారం ఇంకో పూత వెయ్యాలి.