జెర్మాట్‌లో స్కీయింగ్: ఎవరికి గిట్టుబాటు?

ముందే చెప్పేస్తాను, స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్ ఓ మోస్తరుగా స్కీయింగ్ వచ్చినవాళ్ల ఊరు. జ్యూరిక్‌లో ఉంటున్నప్పటి నుంచీ చలికాలం వస్తే మా ఇంటిల్లిపాదీ వెళ్లేది అక్కడికే. దారిలో విస్ప్ అనే ఊళ్లో రైలు మారాలి. ఊళ్లోకి కార్లను రానివ్వరు. కారులో వచ్చేవాళ్లు ముందు ఊరైన టేష్‌లో దాన్ని వదిలేసి రైలెక్కాల్సిందే.

ఇటలీ వైపు చెర్వీనియా, వాల్టూర్నాంష్ ఊళ్లతో కలిపి స్కీ దారులు 360 కిలోమీటర్లు. నీలం గుర్తుంటే తేలిక, ఎరుపైతే మధ్యరకం, నలుపైతే కష్టం. పసుపు గుర్తున్నవి యంత్రంతో చదును చెయ్యని దారులు, బాగా ఆరితేరినవాళ్లకే. ఇక్కడ ఎక్కువగా ఉన్నవి ఎరుపు దారులే. నాకు మోజు కూడా వాటి మీదే. 3,883 మీటర్ల ఎత్తున కేబుల్ కార్ దిగి, సొరంగం దాటి మంచు మీదికి వస్తే, అక్కణ్నుంచి ఊరిదాకా రెండు వేల మీటర్లకు పైగా దిగుడే. పైన గాలి పలచన. నాలుగు మలుపులు తిరిగేసరికి ఆయాసం వచ్చేస్తుంది.

కొత్తవాళ్ల సంగతి వేరు. హైదరాబాద్ నుంచి వచ్చిన మా బావమరిదిని ఊరికి పైన కొండమీదున్న సున్నెగ్గాకు తీసుకెళ్లాం. కొండ లోపల సొరంగంలో నడిచే బండి నిమిషాల్లో పైకి చేరుస్తుంది. లైసే చెరువు పక్కన నేర్చుకునే చోటు, కదిలే పట్టా మీద నిలబడితే చాలు, అదే పైకి లాక్కెళ్తుంది. స్కీ బూట్లలో చీలమండ వంగక తను బిగుసుకుపోయి నడుస్తుంటే పక్కనే పిల్లలు జుయ్యిమని దూసుకుపోయారు, పాపం! చోటు బాగుంది, కానీ చిన్నది. అది దాటాక రిఫెల్‌బెర్గ్ అనే చోటున్న నీలం దారులు నయం. మొదటిసారి నేర్చుకోవడానికే అయితే ఇంత ఖర్చు పెట్టి ఇక్కడికి రానక్కర్లేదు, చిన్న ఊరేదైనా చాలు.

స్కీ జోలికే పోనివాళ్లకు మాత్రం లోటు లేదు. 1898 నుంచి నడుస్తున్న గోర్నర్‌గ్రాట్ పళ్లచక్రాల రైలు అరగంటలో 3,089 మీటర్లకు చేరుస్తుంది. అత్తయ్య అక్కడ ఎండలో కూర్చుని, ఎదురుగా మ్యాటర్‌హార్న్ శిఖరాన్ని చూస్తూ టీ తాగింది, దిగుదామంటే వినలేదు. అదే రైలు దారిలోని రోటెన్‌బోడెన్ స్టేషన్ నుంచి రిఫెల్‌బెర్గ్ దాకా స్లెడ్జి బండి మీద జారొచ్చు. పిల్లలకు అదే పండగ.

చెర్వీనియా వెళ్లాలంటే రెండు దేశాల్లోనూ చెల్లే స్కీ లిఫ్టుల పాస్ కొనాలి. భోజనం అటువైపే చవక. కానీ సరిహద్దులోని థియోడుల్ కనుమ దగ్గర గాలి లేస్తే లిఫ్టులు ఆపేస్తారు. ఇటలీలో చిక్కుకుంటే రోడ్డు మీద చుట్టు తిరిగి రావడానికి గంటలు పడుతుంది, టాక్సీ బిల్లు చూస్తే గుండె ఆగుతుంది. మధ్యాహ్నం రెండు కాకుండానే వెనక్కి తిరగండి. ప్రమాద బీమాలో హెలికాప్టర్ ఖర్చు ఉందో లేదో బయల్దేరేముందే చూసుకోండి.

సాయంత్రం ఊరికి దిగే దారి ఇరుకు, జనం, పైగా గట్టిపడ్డ మంచు. మేమైతే ఊరికి కాస్త పైనున్న ఫురి స్టేషన్‌లోనే స్కీలు విప్పేసి గొండోలా (తీగ మీద నడిచే చిన్న కేబుల్ కార్) ఎక్కేస్తాం.