పాత ఎయిర్ రైఫిల్‌కి ఏ చెక్క: అక్రోటా, జిట్రేగా?

నల్లగొండలో నాకు దొరికిన పాత డయానా 35 జర్మనీది. బ్యారెల్ మడిచి పెల్లెట్ పెట్టే రకం. దాని స్టాక్, అంటే భుజానికి ఆనించే చెక్క భాగం, బీచ్ అనే చెట్టు చెక్కది. చేత్తో పట్టుకునే చోట చీలింది. కొత్తది చెక్కించాలి.

జిట్రేగి (రోజ్‌వుడ్) చూడ్డానికి రాజసమే. నల్లని చారలు, చల్లని నునుపు. బరువు కూడా ఎక్కువ: ఘనపు మీటరుకు 830 కిలోల చుట్టూ. అక్రోటు (వాల్‌నట్) 650 దగ్గరే. ఇలాంటి స్ప్రింగ్ తుపాకీ పేలినప్పుడు ముందుకూ వెనక్కీ కుదుపుతుంది కాబట్టి ఆ బరువు కొంత మేలే. కానీ అరగంట భుజాన పెట్టి చూడండి, చెయ్యి లాగేస్తుంది! పైగా అందులోని సహజమైన జిడ్డు వల్ల అవిసె నూనె పూత ఓ పట్టాన ఆరదు.

అక్రోటు ఉలికి చక్కగా లొంగుతుంది. ఇనుప భాగం కూర్చునే గాడి కచ్చితంగా వస్తుంది, అసలు పని అక్కడే. దొరకడం మాత్రం కష్టం. జిట్రేగి అయితే పాలమూరు వైపు పాత ఇళ్లు కూల్చినచోట అడగొచ్చు.

ఏదైనా బాగా ఆరిన చెక్కే కావాలి. పచ్చిదైతే మన మే ఎండలకి స్క్రూల దగ్గరే పగులుతుంది. నా ఓటు అక్రోటుకే. విరిగిన పాత స్టాక్‌ని మాత్రం పారేయను, సేకర్తలు ముందు అడిగేది దాన్నే.

అన్నట్టు, నా రైఫిల్ గొట్టం లోపలి వెడల్పు 0.177 అంగుళాలు. 0.22 అయితే లైసెన్సు కావాలి.