జాగ్రత్త: మొక్కల మెయింటెనెన్స్ పేరుతో గడ్డి మందు కొట్టేస్తున్నారు

విజయనగరంలో అపార్ట్‌మెంట్, లేఅవుట్ అసోసియేషన్లవాళ్లు మొక్కల పని కాంట్రాక్టుకి ఇచ్చే ముందు ఇది చదవండి. మాతో ఒప్పుకున్న పని వేరు, చేసిన పని వేరు. కంచె మొక్కల కత్తిరింపు, బ్రష్ కట్టర్‌తో గడ్డి కోత, మొదళ్ల దగ్గర చేత్తో కలుపు తీత అని మాట్లాడుకున్నాం. పైడితల్లి పండగ దగ్గరపడేసరికి మనుషుల్ని తగ్గించేసి, ఒక్క కుర్రాడి వీపుకి స్ప్రేయర్ తగిలించి పంపారు. పాపం, చేతికి గ్లౌజులు లేవు, ముక్కుకి గుడ్డ కూడా లేదు. ఏం కొడుతున్నావు బాబూ అంటే "గడ్డి మందండి, మా సారు కొట్టమన్నారు" అన్నాడు. డబ్బా మీద గ్లైఫోసేట్ 41 శాతం అని ఉంది.

మొదట్లో ఏమీ తెలియలేదు. తర్వాత గడ్డి పసుపుబారి ఎండింది. గోడవారనున్న మందారాలు, నందివర్ధనాలు కూడా దాంతోపాటే వాడిపోయాయి. కరివేపాకు చిగురు వేసింది గానీ ఆకు విప్పారలేదు, దారప్పోగుల్లా సన్నగా, పాలిపోయి గుత్తులుగా వచ్చింది. ఈ మందు ఆకు మీద పడితే వేరు దాకా దిగుతుంది. లేత మొక్కలకైతే పచ్చి బెరడులోంచి కూడా లోపలికి పోతుంది. గాలి వీచే వేళ కొడితే తుంపర ఎక్కడెక్కడ పడుతుందో వేరే చెప్పాలా?

అడిగితే కాంట్రాక్టర్ "తుంగ కోస్తే మళ్లీ వస్తుంది, మందే గతి" అన్నాడు. తుంగ సంగతి నిజమే, భూమిలో గడ్డలుంటాయి కాబట్టి పైపైన కోస్తే పోదు. అలాగని పిల్లలు ఆడే చోట, అందరూ కరివేపాకు కోసుకునే చోట మాట మాత్రం చెప్పకుండా కొట్టడం ఏం న్యాయం? పైగా గ్లైఫోసేట్‌ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లే, అంటే మందులు కొట్టడానికి లైసెన్సు ఉన్నవాళ్లే వాడాలని 2022 అక్టోబరులో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ లైసెన్సు చూపించమంటే మాట దాటేశాడు. అసలు సంగతి కూలి డబ్బులు. కోతకి మాటిమాటికీ మనుషుల్ని పెట్టాలి, మందు ఒక్కడే ఒక పూటలో కొట్టేస్తాడు. బిల్లు మాత్రం కోతకే వేశారు!

అసోసియేషన్ రాసి ఇస్తే తప్ప కలుపు మందు వాడకూడదని కాగితం మీద పెట్టించుకోండి. మందు పేరు, కొట్టే రోజు ముందే చెప్పాలని కూడా రాయించండి. కోత పనినీ ఓ కంట కనిపెట్టాలి. బ్రష్ కట్టర్ నైలాన్ తీగ లేత చెట్టు మొదలుకి తగిలి బెరడు చుట్టూ లేచిపోతే చెట్టే చచ్చిపోతుంది. అందుకే మొదలు చుట్టూ జానెడు మేర చేత్తోనే తీయించండి. వయ్యారిభామ కలుపుని పూతకి రాకముందే, గ్లౌజులు ఇచ్చి, వేర్లతో సహా పీకించండి.

పారాక్వాట్ అనే ఇంకో కలుపు మందు డబ్బా కనిపిస్తే పని అక్కడికక్కడే ఆపించేయండి. అది కడుపులోకి పోతే విరుగుడు లేదు. ఏ మందైనా సరే, మిగిలింది కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి మీ సెల్లార్‌లో పెట్టనివ్వకండి.