పళవేర్కాడులో సమాధులు, సూళ్లూరుపేటలో పక్షులు

పులికాట్ చూసొద్దామని బావ ఏడాదిగా నా ప్రాణం తీస్తున్నాడు. చెన్నై పెరంబూరులో ఉంటూ ఇంత దగ్గరి సరస్సు చూడలేదని చెప్పుకోవడానికి నాకూ నామోషీగానే ఉండేది. మొన్న జనవరిలో ఒక శనివారం లోకల్ రైల్లో పొన్నేరి, అక్కణ్ణుంచి బస్సులో సరస్సు ఒడ్డునున్న పళవేర్కాడు చేరాం.

దిగీ దిగగానే పడవవాళ్లు చుట్టుముట్టారు. లైఫ్ జాకెట్లు ఉన్నాయా అంటే ఒకతను నవ్వి ఊరుకున్నాడు. 2011 క్రిస్మస్ నాడు ఈ నీళ్లలోనే పడవ బోల్తాపడి 22 మంది పోయారు. బావ మొహం ముడుచుకున్నా సరే, వద్దన్నాను.

బదులుగా డచ్చివాళ్ల సమాధుల దగ్గరికి వెళ్లాం. 1613లో వాళ్లు ఇక్కడ గెల్డ్రియా కోట కట్టారు. 1690లో నాగపట్నానికి మకాం మార్చేదాకా ఈ తీరమంతటికీ ఇదే వాళ్ల ముఖ్యస్థానం. ఇక్కడి బట్టలు ఓడలకెక్కించి, తూర్పు దీవుల్లో లవంగాలు, జాజికాయలు కొనుక్కునేవాళ్లు. కోట ఆనవాళ్లు పెద్దగా లేవు. శ్మశానం వాకిట్లో మాత్రం అటూ ఇటూ రాతిలో చెక్కిన అస్థిపంజరాలు కాపలా కాస్తున్నాయి. గంటలో చూడటం అయిపోయింది. రొయ్యల వేపుడుతో భోంచేసి మళ్లీ పొన్నేరి, రైలు, సూళ్లూరుపేట.

లాడ్జి సంగతి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది. గీజరు లేదు, దోమలున్నాయి. ఎలాగూ నిద్ర లేదు కాబట్టి ఐదింటికే ఆటో మాట్లాడుకున్నాం.

శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది. కాస్త వెలుతురొచ్చేసరికి నీళ్లమీద లేత గులాబీ గీత ఒకటి కనిపించింది. ఆటో అతను ఇంజన్ ఆపేసి, "అన్నా, దిగొద్దు, లేచిపోతాయి" అన్నాడు. బైనాక్యులర్‌లో చూస్తే ఆ గీతంతా ఫ్లెమింగోలే! మెడ వంచి, ముక్కు తలకిందులుగా నీళ్లలో పెట్టి, బురదలోంచి నాచూ చిన్న చిన్న రొయ్యలూ వడగట్టుకుంటున్నాయి. వాటికి ఆ రంగొచ్చేది ఆ తిండి వల్లే. దగ్గరగా చూద్దామని పడవెక్కాలనుకున్న బావ, బైనాక్యులర్ నా చేతికి ఇస్తే ఒట్టు.

ఒక్క రోజే ఉంటే పళవేర్కాడు వదిలేసి నేరుగా ఇక్కడికే రండి. ఎండెక్కాక కళ్లు చికిలించుకోవడం తప్ప ఏమీ కనపడదు.

తర్వాత నేలపట్టు పక్షుల అభయారణ్యం. చెరువు నీళ్లలో నిలబడ్డ కడప అనే చెట్లనిండా గూడబాతుల (పెలికాన్ల) గూళ్లు. కొమ్మలన్నీ రెట్టతో తెల్లబడ్డాయి, వాసన గట్టిగానే ఉంది. ఈ నీళ్లు పారితే పొలానికి వేరే ఎరువు అక్కర్లేదని అక్కడి పెద్దాయన ఒకాయన అన్నాడు. వాచ్‌టవర్ మీంచి చూస్తుంటే ఒక పిల్ల తల్లి ముక్కుసంచిలోకి మెడదాకా తల దూర్చేసింది. తల్లి కళ్లు మూసుకుని, నోరు తెరిచి, అలాగే నిలబడి ఉంది.